హేవైర్

ఫోన్లో నేనన్నది ఒక్క మాటే.
"తూకం మిషను హేవైర్ అయిపోయింది,
మీ ఆవు బరువు రేపు చూద్దాం."
అవతల ఓస్టాప్ బరనెట్స్కీ
కాసేపు ఊపిరి మాత్రమే వినిపించాడు.
తర్వాత నాకు గడ్డి పెట్టాడు, మోపులకొద్దీ:
"హేవైరే అయితే నిలబడి ఉండేదమ్మాయ్.
తెగిపోయినదానికి ఆ పేరు పెట్టకు."

సస్కాచెవాన్‌లో జనవరి.
మైనస్ ముప్పై నాలుగు.
పశువుల డాక్టరుగా నాకది మొదటి చలికాలం.

కొట్టంలో అడుగుపెడితే ఆ కోపం అర్థమైంది.
గేటుకి తీగ. బకెట్టు చెవికి తీగ.
ట్రాక్టరు పొగగొట్టాన్ని ఒడిసిపట్టుకుని తీగ.
గోడగడియారానికి కూడా
ఎందుకో రెండు చుట్లు.
ఆయన భార్య యూస్టినా కళ్లజోడు ఎడమ కాడకి
కాస్త సన్నది
("ఇది ఆదివారాలకి" అందావిడ, నవ్వకుండా).

"ఎండుగడ్డి మోపు కట్టడానికి పుట్టింది ఇది.
గడ్డి ఆవులు తినేస్తే
తీగ మాకు మిగిలేది.
మా నాన్న ఉత్తరాన కలప నరికేవాడు.
రంపం పిడికి ఇదే, పొయ్యి గొట్టానికి ఇదే,
ఒక ఏడాది బూటు అడుక్కీ ఇదే.
డబ్బున్న క్యాంపులవాళ్లు
డబ్బు లేనిదాన్ని హేవైర్ క్యాంపు అని నవ్వేవాళ్లు.
ఆ నవ్వు కొండ దిగి ఊళ్లలో పడింది.
ఇప్పుడు రేడియోలో కుర్రాడికి వాతావరణం హేవైర్,
నా మనవరాలికి తన జుట్టు హేవైర్,
బ్యాంకువాడికి వాడి కంప్యూటరు.
కట్టి నిలిపినదాని పేరు
ఊడిపోయిన ప్రతిదానికీ తగిలించారు."

మరి కనుబొమ మీద ఆ గాటు?
"ఇదా? తెంపినప్పుడు ఎగిరి కొట్టింది.
బిగించి ఉన్నదాన్ని తెంపితే మరి?
దాని తప్పేం లేదు."

ఆవు పేరు మాల్వా.
నాలుగు రోజులుగా మేత ముట్టడం లేదు.
మూపురం దగ్గర గిల్లాను.
వీపు దించాల్సింది దించలేదు,
పళ్లు నూరుతూ మూలిగింది.

ఎడమ డొక్క కోసి భుజం దాకా చెయ్యి పెట్టాను.
బయట జనవరి, లోపల జూన్.
తేనెపట్టు గదుల్లాంటి రెండో పొట్టలో,
అవతలి గోడ వెనక గుండె చప్పుడు
నా వేలికొసకి తగిలేంత దగ్గర,
ఏదో గుచ్చుకుంది.

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు.
నేను లాగింది రెండంగుళాలు.
కదిలింది ఆయన.

దాన్ని ప్యాంటుకి తుడిచి దీపం కిందికి తీసుకెళ్లాడు.
ఒక కొసన మెలి.
ఎడమకి మూడు చుట్లు, చివర వెనక్కి మడత.
ఎడంచేతివాటం మనిషి వేసిన మెలి.
చాలాసేపు చూశాడు, లెక్కపెడుతున్నట్టు.
"గేటుదా?" అంది యూస్టినా.
"కాదు. మేత తొట్టిది. నేను కట్టిందే."

ఇంకెవరూ ఏమీ అనలేదు.
వేలంత అయస్కాంతం ఒకటి
పొట్టలోకి జారవిడిచాను.
ఇకపై ఏ ఇనుపముక్క మింగినా
గుండె వైపు పోకుండా దానికే అంటుకుంటుంది.
"పట్టుకునే ఉంటుందా?"
"బతికినన్నాళ్లూ."
తలూపాడు. ఆ జవాబు ఆయన భాషలో ఉంది.

నేను కుట్లు వేస్తుంటే ఆయన
తొట్టికున్న తీగంతా విప్పాడు.
నారింజరంగు నైలాన్ తాడుతో ముడి వేశాడు.
జారింది. మళ్లీ వేశాడు.
డెబ్భై ఏళ్ల వేళ్లకి
ముడి వేయడం కొత్త.

చీకటి పడ్డాక బయల్దేరబోతే
నా కారు బంపరు మంచుగడ్డ తగిలి వేలాడుతోంది.
ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు,
జేబులోంచి తీశాడు అదే.
ఎడమకి మూడు చుట్లు, చివర వెనక్కి మడత.
"ఊరిదాకా ఆగుతుంది."

మూడో చలికాలం ఇది. ఆగే ఉంది.

తూకం మిషను ఈ పొద్దున
పిల్లిని తొమ్మిది క్వింటాళ్లంది.
కంపెనీకి ఫోన్ చేశాను.
ఏమైందమ్మా అన్నారు వాళ్లు.
మాట నోటిదాకా వచ్చింది.
కిటికీలోంచి బంపరు కనిపిస్తోంది.
"చెడిపోయింది" అన్నాను.